పెద్ద గన్నులో చిన్న బంతి

"బ్యారెల్ ఒక్కటి మార్పిస్తే చాలంట రా. ఆటోనగర్‌లో అరపూట పని" అన్నాడు మా బావ. నేనూ తలూపాను. డిప్లొమా మెకానికల్ చదివినవాణ్ణి, బళ్ళ ఇన్సూరెన్సు సర్వేల కోసం వారంలో నాలుగు రోజులు ఆటోనగర్‌లోనే తిరిగేవాణ్ణి. ఎవరికి రాకపోయినా నాకు అనుమానం రావాలి. రాలేదు. ఆ అరపూట పని ఫిబ్రవరిలో మొదలై జూన్ దాకా నడిచింది. ఇరవై పెయింట్‌బాల్ గన్నుల్లో ఒక్కటే మారింది. అది కూడా ఇప్పుడు బీరువా పైన ఉంది.

విజయవాడ పక్కన నున్న అవతల మామిడితోటలో బావకి పెయింట్‌బాల్ గ్రౌండ్ ఉంది. రంగు నింపిన బాల్స్‌ని గన్నులతో ఒకరినొకరు కొట్టుకునే ఆట. ఆదివారాలు నేనూ వెళ్ళి ఓ చెయ్యి వేస్తాను. మాస్కులు కడగడం, సిలిండర్లు మార్చడం, దెబ్బ తగిలిన చోట ఐసుముక్క పెట్టడం, "నేను కొట్టాను", "నాకు తగల్లేదు" పంచాయితీలు తీర్చడం. ఫిబ్రవరిలో ఒక ఆదివారం పన్నెండేళ్ళ పిల్లాడి పుట్టినరోజు జరిగింది. ఆట బాగానే అయింది, కేకు కోశారు, బిర్యానీ తిన్నారు, వెళ్ళారు. రాత్రి తొమ్మిదింటికి వాళ్ళమ్మగారు వాట్సాప్‌లో ఫోటో పంపారు. తొడ మీద మధ్యలో తెల్లగా, చుట్టూ ఊదారంగు ఉంగరంలా కమిలిన మచ్చ. నిమ్మకాయంత ఉంది. ఆవిడ తిట్టలేదు. "పిల్లలకి చిన్న బాల్స్ ఉంటాయట కదండీ, మీ దగ్గర లేవా?" అని మాత్రం అడిగారు. తిట్టినా బాగుండేది.

ఆ ప్రశ్నకి జవాబు వెతకబోయి నేను తేల్చుకున్నది ముందే చెప్పేస్తాను. 0.68 అనే పెద్ద సైజు గన్నుని 0.50 అనే చిన్న బాల్స్‌కి మార్చొచ్చు, అసాధ్యమేం కాదు. కానీ మా బావలాంటి చిన్న గ్రౌండు వాళ్ళు ఆ పనికి దిగకూడదు. మార్పు కుదరదేమో అని కాదు నా భయం. కుదిరితేనే అసలు తంటా.

గోళీ, కుంకుడు గింజ

0.68, 0.50 అన్నవి అంగుళాల లెక్క. మిల్లీమీటర్లలో 17.3, 12.7. పక్కపక్కన పెడితే గోళీకీ కుంకుడు గింజకీ ఉన్నంత తేడా. అడ్డకొలతలో చిన్నది పెద్దదానికి దాదాపు ముప్పావు వంతు ఉంటుంది కానీ బరువులో సగం కూడా తూగదు. పెద్దది 3 గ్రాములైతే చిన్నది 1.2 గ్రాములు, కాస్త అటూ ఇటూగా.

అసలు ఈ 0.68 సైజు మనుషుల్ని చూసి పెట్టింది కాదు. అమెరికాలో కొట్టేయాల్సిన చెట్లకీ, మందలో పశువులకీ దూరం నుంచి రంగు గుర్తు వేయడానికి నెల్సన్ పెయింట్ కంపెనీ కోసం గాలి తుపాకులు చేసే డైసీ వాళ్ళు 1970ల మొదట్లో నెల్‌స్పాట్ 007 అనే పిస్తోలు తయారుచేశారు. దాన్నే పట్టుకుని 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్‌లో హెనికర్ దగ్గర అడవిలో 12 మంది మొదటి ఆట ఆడారు. గెలిచినాయన ఒక్క బంతి కూడా పేల్చకుండా జెండాలన్నీ ఏరుకొచ్చేశాడు. ఈ కథ గ్రౌండ్‌కి వచ్చే కాలేజీ కుర్రాళ్ళకి చెబుతుంటాను, ఒక్కడికీ నచ్చదు. పేల్చకపోతే ఆటేంటి అంకుల్ అంటారు. సరే, అది వేరే గోల. నేననేదేంటంటే, ఆ పిల్లాడి తొడకి తగిలింది ఎద్దు తొడకి సరిచూసిన బంతి. కాబట్టి వాళ్ళమ్మగారి ప్రశ్నలో తప్పేం లేదు.

బావ ఒక సంచీ 0.50 బాల్స్ తెప్పించాడు. ఏం మార్చకుండా ముందు ఒకటి మామూలు గన్నులో వేసి చూశాం. నేను గన్ను కొంచెం కిందికి వంచేసరికి ట్రిగ్గర్ నొక్కకుండానే బంతి బ్యారెల్ లోంచి దొర్లి కింద పడింది. గన్ను పైకెత్తి పేలిస్తే గాలంతా బంతి పక్కనుంచి తప్పించుకుపోయి, బంతి ఆరేడు అడుగుల అవతల ఎండుటాకుల్లో పడింది. పగలను కూడా లేదు. లెక్క వేస్తే బ్యారెల్ నోటిలో నూటికి 46 పాళ్ళు ఖాళీయే. బావ నవ్వాడు. "అదే కదరా, సందు మూస్తే సరి" అన్నాడు.

మేస్త్రి చేతిలో వెర్నియర్

ఆటోనగర్‌లో నాకు తెలిసిన లేత్ మేస్త్రి ఒకాయన ఉన్నారు. అరవై దాటాయి. లారీ విడిభాగం ఏది పట్టుకెళ్ళినా కాసేపు వేళ్ళతో తడిమి, సగం కొలత వేళ్ళతోనే చెప్పేస్తారు. బ్యారెల్ ఇచ్చి, "లోపల సన్న తొడుగు, బుష్ కొట్టాలండీ, ఈ బంతి పట్టేలా" అన్నాను. ఆయన బంతి తీసుకుని వెర్నియర్ పెట్టారు. 12.6. అదే బంతిని తిప్పి పెట్టారు. 12.8. రెండోది తీశారు, 12.9. ఇంకో నాలుగు కొలిచి వెర్నియర్ బల్ల మీద పెట్టేశారు.

"ఇది ఇనుము కాదు బాబూ, జున్ను. జున్నుకి బుష్ కొట్టమంటున్నారు మీరు."

ఆయనకి పెయింట్‌బాల్ గురించి ఏమీ తెలియదు, కానీ ఈ ఆటలో సగం బాధ ఆ ఒక్క మాటలో ఉంది. బంతి పెంకు జెలటిన్. చేపనూనె మాత్ర ఎలా ఉంటుందో అదే సరుకు, తయారయ్యేదీ ఆ రకం మిషన్ల మీదే. తేమ తగిలితే ఉబ్బుతుంది, ఎండ తగిలితే మెత్తబడుతుంది. విజయవాడలో ఏడాదంతా ఉండేవి ఆ రెండే. అందుకే బాల్స్ డబ్బాలు మా బావ పడగ్గదిలో ఏసీ కింద మంచం పక్కన ఉంటాయి. "నా చీరలకి లేని వైభోగం వీటికి" అని అక్క ఎప్పుడూ సాధిస్తూ ఉంటుంది.

బ్యారెల్‌కీ బంతికీ పొత్తు చూసే పద్ధతి ఒకటుంది. విడిగా తీసిన బ్యారెల్‌లో బంతి వేస్తే అది జారిపోకుండా నిలబడాలి, నోటితో ఉఫ్ అని ఊదితే బయటికి రావాలి. 0.68లో కూడా ఇదే పరీక్ష. మేస్త్రి మొదటి బుష్ నైలాన్ రాడ్‌తో సరిగ్గా 12.7కి బోర్ తీశారు. బంతి ఊదితే రాలేదు, పేలిస్తే లోపలే పగిలింది. పచ్చరంగు బ్యారెల్ అంతా. రెండో బుష్ పది థౌ, అంటే పావు మిల్లీమీటరు, పెంచి తీసి, లోపల ఎమ్రీ పేపర్‌తో అద్దంలా చేశారు. ఈసారి ఊదితే వచ్చింది. మేస్త్రి మొహంలో ఏమీ కనపడలేదు కానీ పక్క షెడ్డు ఆయన్ని పిలిచి మరీ ఊది చూపించారు.

అరపూట పని అయిపోయిందనుకుని గన్నుకి బిగించి పేలిస్తే మళ్ళీ పగిలింది. ఈసారి బ్యారెల్‌లో కాదు, దాని వెనక.

నా చదువు సిగ్గుపడాల్సింది ఇక్కడే. బంతి పుట్టేది బ్యారెల్‌లో కాదు కదా. పైనున్న బాల్స్ డబ్బా, అదే హాపర్, దాని లోంచి గొట్టం గుండా చాంబర్‌లోకి పడుతుంది. వెనకనుంచి బోల్టు వచ్చి దాన్ని బ్యారెల్‌లోకి తోస్తుంది, అప్పుడు గాలి వదులుతుంది. ఆ చాంబర్ ఇంకా పెద్ద బంతి సైజులోనే ఉంది. అందులో చిన్న బంతి అడుగున పడుకుంటుంది. దాని నడిమధ్య, బుష్ నడిమధ్య కంటే రెండు మిల్లీమీటర్ల పైన దిగువకి ఉంటుంది. బోల్టు తోస్తే బంతి వెళ్ళి బుష్ అంచుకి గుద్దుకుంటుంది. ఇంతటితో అయిపోలేదు. చాంబర్‌లో మిగిలిన చోటులోకి పైనుంచి రెండో బంతి సగం దిగి కూర్చుంటుంది. బోల్టు ముందుకొచ్చినప్పుడు దాన్ని కత్తిపీట మీద కాకరకాయలా కోసేస్తుంది. బంతి దానంతటది ముందుకు దొర్లకుండా ఆపే చిన్న రబ్బరు ముల్లు ఒకటి చాంబర్ పక్కన ఉంటుంది. అది పెద్ద బంతిని తాకేంత పొడవే ఉంటుంది. చిన్న బంతికి అది అందనే అందదు. ఇక హాపర్ మెడలో రెండేసి బంతులు పక్కపక్కన ఇరుక్కుని మొరాయిస్తాయి. గరాటాలో బియ్యం పోసి చూడండి, అదే తంతు.

అంటే మార్చాల్సింది బ్యారెల్ ఒక్కటి కాదు. చాంబర్‌కి లోపలి తొడుగు, బోల్టుకి కొత్త ముక్కు, పొడవైన ముల్లు, హాపర్ మెడకి సన్న గొట్టం, బుష్ అంచుకి లోపలివైపు వాలు. కొన్ని గన్నులకి కంపెనీలే ఇలాంటి మార్పు కిట్లు అమ్మాయి. వాటిలోనూ బ్యారెల్‌తో పాటు ఇలాంటి సామానే ఉంటుంది. మేస్త్రి ఇవన్నీ చేశారు. నాలుగు సార్లు తిరిగాం. చివరిసారి ఆయన డబ్బులు తీసుకోలేదు, "దీని సంగతేంటో తేలాలి" అన్నారు. ఏప్రిల్ చివరికి ఒక గన్ను, ఒకే ఒక్క గన్ను, వరసగా వంద బంతులు పేల్చింది. మూడే పగిలాయి. 0.68లో కూడా ఎండాకాలం అంతకంటే తక్కువ పగలవు.

కుదిరిన తరవాత

బావకి సంబరం. మిగతా పందొమ్మిదీ ఇచ్చేద్దాం అన్నాడు. నేను ఒక్క ఆదివారం ఆగుదాం అన్నాను. పెద్ద ముందుచూపేమీ కాదు, మేస్త్రి కూతురి పెళ్ళి ఉంది ఆ వారం, అంతే.

ఆ ఆదివారం తొమ్మిదో తరగతి పిల్లల గుంపొకటి వచ్చింది. కొత్త గన్ను ఒకడికి ఇచ్చాం, వాడికి ముందే చెప్పాం ఇది చిన్న బాల్స్ గన్ను అని. పావుగంటకి వాడు తిరిగొచ్చాడు. "అంకుల్, ఇది దూరం పోవట్లేదు." నిజమే. బంతి తేలికైనకొద్దీ గాలి దాన్ని తొందరగా ఆపేస్తుంది. ఒకే స్పీడుతో బయల్దేరినా చిన్నది ముందు నీరసిస్తుంది, తగిలినా కొన్నిసార్లు పగలకుండా ఎగిరి పడుతుంది. పగలకపోతే అవుట్ కాదు, అవుట్ కాకపోతే గొడవ. బావ గన్ను తీసుకుని పక్కకెళ్ళి రెండు నిమిషాల్లో తెచ్చిచ్చాడు. "ఇప్పుడు పోతుంది చూడు" అన్నాడు. స్క్రూ తిప్పి స్పీడు పెంచాడు. నేను అక్కడే ఉన్నాను. నాకు తప్పనిపించలేదు.

కాసేపటికి అదే పిల్లాడు ఆట మధ్యలో మాస్కు నుదుటి మీదికి ఎత్తి చెమట తుడుచుకుంటున్నాడు. అటూ ఇటూ బంతులు పోతున్నాయి. నేను విజిల్ ఊదుకుంటూ పరిగెత్తాను. వాడు కంగారుపడలేదు సరికదా, "చిన్న బంతే కదంకుల్" అన్నాడు.

చిన్న బంతి వాడి చేతిలో ఉంది. ఎదుటివాళ్ళ చేతుల్లో ఉన్నవి పెద్దవే. ఆ మాటకొస్తే ఎదుటివాళ్ళవి కూడా చిన్నవే అయినా లెక్క మారదు. కంటి గుంట నోరు 35 నుంచి 40 మిల్లీమీటర్లు. 17.3 అయినా 12.7 అయినా చుట్టూ ఉన్న ఎముకకి తగలకుండా నేరుగా కంటికి చేరుతుంది. క్రికెట్ బంతిని ఆ ఎముక కొంతవరకు ఆపుతుంది, ఇది దాని కంటికే ఆనదు. మాస్కు విషయంలో చిన్న బంతికి ఎలాంటి రాయితీ లేదు. మా కొత్త గన్ను మాత్రం గంటలోనే ఒక రాయితీ పుట్టించింది, అదీ ఒక పిల్లాడి బుర్రలో. ఏం జరగలేదు, అదృష్టం. ఆ రాత్రే క్రోనోకి ఆర్డర్ పెట్టాను.

అవును, అప్పటిదాకా మా దగ్గర క్రోనో లేదు. బంతి స్పీడు కొలిచే ఆ చిన్న పెట్టె లేకుండా రెండేళ్ళు గ్రౌండు నడిపాం. ఈ ముక్క ఇక్కడ రాయాలా వద్దా అని బావని అడిగాను. "రాయి, ఇప్పుడు ఉందిగా" అన్నాడు.

క్రోనో వచ్చింది. మార్చిన గన్ను ముందు పెట్టి పేలిస్తే 312, 309, 321. సెకనుకి అడుగులు. ఆరుబయట గ్రౌండ్లలో మామూలుగా పాటించే గరిష్ఠ హద్దు 300. బావ స్క్రూ తిప్పడం ఒక కారణం. కానీ స్క్రూని పాత చోటికి తెచ్చినా 300కి అటూ ఇటూగానే వచ్చింది. ఎందుకో కాగితం మీద లెక్క వేసుకుంటే తెలిసింది. అదే గాలి ఒత్తిడి, అదే బ్యారెల్ పొడవు అనుకుందాం. చిన్న బంతి వీపు మీద పడే తోపు నూటికి 54 పాళ్ళు, కానీ బరువు నూటికి 40 పాళ్ళే. తోపు తగ్గినదానికంటే బరువు ఎక్కువ తగ్గింది. కాబట్టి 280తో పెద్ద బంతిని వదిలే గన్ను, సందులేమీ లేకుండా చక్కగా మారిస్తే, చిన్న బంతిని 326 దాకా తోస్తుంది. మేస్త్రి పని ఎంత బాగుంటే స్పీడు అంత ఎక్కువ. పని బాగోని మొదటి రోజు ఆరడుగులే పోయిందని చెప్పానుగా, ఆ రోజు ఆ గన్ను అన్నిటికంటే క్షేమం.

ఎండ సంగతి కూడా ఉంది. మావి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు. 21 డిగ్రీల దగ్గర ఆ సిలిండర్‌లో ఒత్తిడి సుమారు 850 పీఎస్‌ఐ ఉంటుంది. 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవం, గ్యాసు అన్న తేడాయే పోతుంది, ఒత్తిడి ఇంకా వేగంగా ఎక్కుతుంది. మన మే నెలలో తెల్లవారుజామున తప్ప 31 లోపు ఎప్పుడుంటుంది? పొద్దున ఏడున్నరకి 262 చూపించిన ఒక మామూలు గన్ను మధ్యాహ్నం రెండింటికి 291 చూపించింది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

చర్మం లెక్క

ఇప్పుడు అందరూ నమ్మే మాట దగ్గరికి వస్తాను. చిన్న బంతి అంటే తక్కువ నొప్పి. 280 స్పీడులో పెద్ద బంతి మోసుకొచ్చే శక్తి సుమారు 11 జౌల్స్, చిన్నదైతే 4.4. సగం కంటే తక్కువ. ఈ అంకె చూసే నేనూ ఆటోనగర్ బండెక్కాను.

కానీ చిన్న బంతి తగిలే చోటు కూడా చిన్నదే. శక్తిని ఆ చోటు మీద పంచి చూస్తే, చదరపు మిల్లీమీటరుకి పడే దెబ్బ పావు వంతుకి కాస్త పైన తగ్గుతుంది, అంతే. కమిలే మచ్చ చిన్నదవుతుంది, లోతు తక్కువుంటుంది, అది ఒప్పుకుంటాను. చురుక్కుమనడం మాత్రం అనుకున్నంత తగ్గదు. అదీ స్పీడు 280 దగ్గర కట్టేస్తేనే. స్పీడు సరిచేయకుండా 326కి వదిలేస్తే ఆ పావు వంతు కూడా మాయం, చదరపు మిల్లీమీటరు లెక్కలో దెబ్బ పెద్ద బంతి కొట్టినంతే. అదే ఒత్తిడి అంతే దూరం తోస్తే ఇంకేమవుతుంది? ఈ లెక్క డిప్లొమా మొదటి ఏడాదిది. నేను నాలుగుసార్లు లేత్ చుట్టూ తిరిగొచ్చి వేసుకున్నాను.

ఇంకోటి చూడండి. పెద్ద బంతే ఉంచి, గన్నేమీ మార్చకుండా, స్పీడు 280 నుంచి 240కి తగ్గిస్తే చదరపు మిల్లీమీటరు దెబ్బ ఎంత తగ్గుతుంది? అదే పావు వంతు పైచిలుకు. మేస్త్రి నాలుగు వారాలు చెక్కి తెచ్చింది ఒక స్క్రూలోనే ఉంది.

అనుమానం వచ్చి మిగతా పందొమ్మిది గన్నుల్నీ క్రోనో ముందు పెట్టాను. చాలావరకు 260, 290 మధ్య ఉన్నాయి. పదకొండో నంబరు గన్ను 305. రెండుసార్లు చూశాను, మళ్ళీ 305. పుట్టినరోజు నాటి ఫోటోలు తీసి చూస్తే, పిల్లాడికి ఎదురు జట్టులో ఉన్న వాళ్ళ మేనమామ చేతిలో ఉంది పదకొండో నంబరు. ఆయన గురే తగిలిందని ప్రమాణం చేయలేను. కానీ ఆవిడ చిన్న బాల్స్ లేవా అని అడిగిన రోజు నేను ఆటోనగర్ వైపు కాకుండా గన్నుల గది వైపు నడిచి ఉంటే అక్కడే జవాబు దొరికేది.

బావ మాటలో న్యాయం

ఇదంతా చెబితే బావ ఊరుకోలేదు, ఊరుకోకపోవడంలో న్యాయమూ ఉంది.

స్పీడు 240కి దించితే పెద్ద బంతి సరిగ్గా పగలదు. ముప్పై అడుగులు దాటాక బట్టల మీద పడితే ఎగిరి పోతుంది. పగలని బంతి నొప్పి పుట్టిస్తుంది, పైగా అవుట్ కూడా కాదు. కాలేజీ కుర్రాళ్ళు డబ్బులిచ్చి ఆడుతూ ఇలా ఐతే ఎందుకొస్తారన్నాడు. పైగా మా గన్నుల రకంలో గాలి కొంత వెనక్కి వెళ్ళి హ్యామర్‌ని మళ్ళీ ఎక్కుపెట్టాలి. మరీ తగ్గిస్తే హ్యామర్ కొక్కేనికి అందక, ఒక్కసారి నొక్కితే తడతడా నాలుగైదు పోతాయి. 220కి దించి చూసినప్పుడు ఒక గన్ను అలాగే చేసింది. అది ఇంకా ప్రమాదం. కాబట్టి స్క్రూ తిప్పితే అంతా సరి అని నేను అనడం లేదు.

రెండో మాట, కొత్తవి 0.50 గన్నులు పది కొనాలంటే బయటి దేశం సరుకు, బావ చేతికందే వ్యవహారం కాదు. "మేస్త్రి చేసింది బానే ఉందిగా. క్రోనో కూడా వచ్చింది. స్పీడు పెట్టుకుంటే అయిపోయె" అన్నాడు. ఈ మాటకి నా దగ్గర గట్టి జవాబు చాలా రోజులు లేదు. ఒక గన్నుకైతే ఆయన చెప్పింది నిజం. ఆ ఒక్కటీ నా చేతిలో, మేస్త్రి బుష్‌తో, క్రోనో పక్కన ఉంటే నాకూ భయం లేదు.

నా భయం ఆదివారం సాయంత్రం ఐదింటప్పటిది. మూడు జట్లు ఒకేసారి వచ్చి ఉంటాయి. హాపర్లు నింపే కుర్రాడు పాలిటెక్నిక్ ఫస్టియర్, చెవిలో ఇయర్‌ఫోన్. రెండు సైజుల సంచులు ఒకే బల్ల మీద. ఆ రోజుల్లోనే రెండుసార్లు కలిపేశాడు. మార్చిన గన్ను హాపర్‌లో పెద్ద బాల్స్ పోస్తే ఇరుక్కున్నాయి, నష్టం లేదు, కడుక్కున్నాం. మామూలు గన్నులో చిన్నవి పోస్తే పేల్చినవాడు గన్ను పాడైందనుకుని బ్యారెల్ నోట్లోకి తొంగి చూశాడు. మాస్కు ఉంది. అయినా నా కాళ్ళు వణికాయి. మొదటినుంచీ 0.50గా పుట్టిన గన్నులో పెద్ద బంతి హాపర్ మెడలోనే దిగదు, గన్ను చూడగానే వేరేదని తెలుస్తుంది. మాది బయటికి చూస్తే పెద్ద గన్నే. లోపల ఏముందో నాకూ మేస్త్రికీ తెలుసు, ఆడే పిల్లలకి తెలియదు.

చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. పెద్దలకి 0.68, రోజూ పొద్దున ఒకసారి, ఎండ ముదిరాక ఒకసారి క్రోనో. 280 దాటిన గన్ను ఆ పూటకి పక్కకి. పద్నాలుగు లోపు పిల్లలకి 240కి కట్టిన ఎనిమిది గన్నులు, చిన్న మైదానం, దగ్గర దగ్గర మరుగులు, లోపల దళసరి చొక్కా తప్పనిసరి. దూరం తగ్గించాం కాబట్టి బాల్స్ చాలావరకు పగులుతున్నాయి. మరీ దగ్గరైతే పేల్చకుండా "సరెండర్" అని అరవాలని రూలు పెట్టాం, అది మాత్రం ఎవడూ పాటించడం లేదు. దానికేం చెయ్యాలో నాకింకా తోచలేదు. ఆ తొడ ఫోటో పంపినావిడకి మెసేజ్ పెట్టి జరిగింది జరిగినట్టు రాశాను, 305తో సహా. రెండు నీలం టిక్కులు వచ్చాయి, జవాబు రాలేదు.

మేస్త్రి గారికి ఈ ముగింపు నచ్చలేదు. ఆయన మిగతా పందొమ్మిది బోల్టులకీ ముక్కులు ముందే టర్నింగ్ చేసి పెట్టేశారట. ఆయనకి డబ్బులిచ్చి తెచ్చేశాను, అటక మీద ఉన్నాయి.

మొన్న బావ ఫోన్ చేశాడు. గుంటూరు దగ్గర ఎవరో కొత్తగా గ్రౌండ్ పెడుతున్నారట, పాత 0.68 గన్నులు కొన్నారు, చిన్న బాల్స్‌కి మార్పించాలట, మా మేస్త్రి నంబరు కావాలంటున్నారు.

"ఇస్తాను గానీ, వాళ్ళ దగ్గర క్రోనో ఉందా అడుగు" అన్నాను.

"అడిగా. బ్యారెల్ మారుస్తుంటే అదెందుకు అన్నాడు."

"మరి నువ్వేం చెప్పావు?"

"నీ నంబరిచ్చా" అన్నాడు బావ.